పైడక్క అడుగులకు స్నానం

నమోదు 1
సోమవారం. పైడక్క అంకె 0.83

ఈ రిజిస్టరుకి ముందువైపు ప్రభుత్వానిది, వెనకవైపు నాది. పాత గుమాస్తా వెనక పేజీల్లో చేపల బొమ్మలు గీసుకునేవాడు. ముందు పేజీలైనా బాగుంచాడా అంటే అదీ లేదు. టీ మరకలు, కొట్టివేతలు, ‘మొత్తం’ అన్న గడిలో పేజీకో రకం మొత్తం. అలాంటి మనిషి ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి దండలు వేయించుకుని రిటైరయ్యాడు. నా పేజీ చూస్తే ఎవరికైనా కడుపు నిండుతుంది. లంకే కోటిలింగం చేతిరాత అంటే పంట్లపాలెంలో ఒక పేరుంది.

నా పని అడుగులు రాయడం. మోకా పైడమ్మ, మా అందరికీ పైడక్క, రోజూ పొద్దున ఊరి చుట్టూ ఉన్న చెక్కబాట మీద మూడు వేల అడుగులు నడుస్తుంది. ఆమె కాలి పట్టీ అడుగడుక్కీ పంపుకి సైగ పంపుతుంది, పంపు ఒక తోపు తోస్తుంది, సముద్రం మీద ఇళ్లు మోస్తూ తేలుతున్న మా నాలుగు వందల పంట్లకీ మంచినీళ్లు వస్తాయి. అడుగుకీ అడుగుకీ మధ్య ఎంతసేపు పట్టిందో మా కార్యాలయంలో ఒక కాగితపు చుట్ట మీద అచ్చవుతుంది. ఉప్పుగాలికి యంత్రాల జ్ఞాపకం నెల కూడా నిలవదు. అందుకని ఆ అంకెలన్నీ నేను చేత్తో రిజిస్టరుకి ఎక్కించాలి. పేజీకి అరవై వరసలు, రోజుకి యాభై పేజీలు.

మోటారుని ఒకే వేగంతో తిప్పితే పోలేదా అని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతారు. తిప్పారు. గొట్టంలో ఒండ్రు పేరుకుని ఊరంతా పదిహేను రోజులు బురద తాగింది. ఇష్టం వచ్చినట్టు తిప్పితే గొట్టాల అతుకులు ఊడాయి. మనిషి నడకకి కట్టాక రెండు బాధలూ పోయాయి. మనిషి అడుగుకి వెనకటి అడుగులు కొంచెం కొంచెం గుర్తుంటాయి, నిన్నటి కోపం ఇవాళ్టి కాల్లో ఉంటుంది. ఆ గుర్తు ఎంత దూరం సాగుతోందో చెప్పేదే అంకె. గడిచిన వంద రోజుల రిజిస్టర్లు ముందేసుకుని మా గణకాధికారి యామిని గారు దాన్ని కడతారు. ఒకటికి దగ్గరగా ఉంటే మనిషి నిండుగా ఉన్నట్టు. సగానికి దిగితే అడుగుకి వెనకటి అడుగే తెలియనట్టు.

పైడక్కకి ఎప్పుడూ 0.96 ఉండేదట. నేను వేరే కార్యాలయం నుంచి ఈ పనికి మారి నలభై రోజులైంది, 0.83కి వచ్చింది. యాభై రెండేళ్ల మనిషి, ఒంట్లో నలత కూడా లేదు. ఏమిటో మరి.

నమోదు 2
బుధవారం. పైడక్క అంకె 0.82

ఇవాళ నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఎందుకిచ్చారో రాసి పెట్టుకోవాలి.

మా కార్యాలయంలో ఒక మర్యాద ఉంది. ఏ అంకె అయినా స్నానం చేయకుండా అధికారి ముందుకి వెళ్లకూడదు. ఒకటో స్నానం, చుట్ట మీద సరిగా అచ్చుకాని చోట అటూఇటూ చూసి పూరించడం. రెండో స్నానం, వెయ్యో వంతుల తోకలు కత్తిరించడం. ఈ రెండూ తాతల నాటివి. మూడోది నేను కనిపెట్టాను.

పైడక్క అడుగుకి సగటున సెకనులో పదింట ఆరు వంతులు పడుతుంది. అంటే అరవై అడుగుల పేజీకి ముప్పై ఆరు సెకన్లు రావాలి. వస్తాయా? ఒక పేజీకి 35.2, ఇంకో పేజీకి 37.4. ఒక్కోసారి వరసగా నలభై పేజీలు ఎక్కువే వస్తాయి. అది చూస్తే నాకు అన్నంలో పంటికింద రాయి పడినట్టుంటుంది. అందుకని తేడా ఎంతుందో చూసి, దాన్ని అరవై వరసలకీ సమానంగా పంచేస్తాను. ఒక్కో అడుగుకి పోయేది ఏమీ ఉండదు, పేజీ మాత్రం ముత్యంలా వస్తుంది. ఇప్పటికి రెండు వేల పైచిలుకు పేజీలు రాశాను, ప్రతి పేజీ అడుగునా 36.00.

“కోటిలింగం గారూ, నేను చదువుకున్న చోట కూడా ఇంత పొందికైన రిజిస్టరు చూడలేదండీ,” అన్నారు యామిని గారు. ముప్పై ఏళ్లు నిండని అమ్మాయి అయినా మనిషి విలువ తెలిసిన అధికారి. పత్రాన్ని నా స్టూలు వెనక గోడకి కొట్టుకున్నాను. మేకు ఒక్క దెబ్బకే దిగింది.

నమోదు 3
గురువారం. పైడక్క అంకె 0.71

మూడు వారాలుగా దిగడమే గానీ ఎక్కడం లేదు. నిబంధనల పుస్తకం బయటికి వచ్చింది. అంకె 0.55 కంటే కిందికి దిగి మూడు రోజులు అక్కడే ఉంటే ఆ మనిషి ‘లెక్కలో మృతి’. గది ఖాళీ చేయించాలి, నీళ్ల కార్డు రద్దు చేయాలి, రేవు దగ్గర బోర్డు మీద పేరు రాయాలి. కార్డు లేని మనిషిని ఊళ్లో ఉంచడానికి లేదు కాబట్టి తర్వాతి పడవలో ఒడ్డు శిబిరానికి పంపేస్తారు. మంచి మనిషైతే రెండు నిమిషాల మౌనం కూడా ఉంటుంది.

డాక్టరు పైడక్కని ఎగాదిగా చూసి, నాడి పట్టుకుని, ఏమీ లేదని రాశాడు. ఏమీ లేకపోవడమే అనుమానంగా ఉందని ఊరి నీళ్ల కమిటీ తీర్మానించింది. జ్ఞాపకశక్తికి సరస్వతి ఆకు పచ్చడి పెట్టమన్నారు. పొద్దునా సాయంత్రం తింటోంది. ఏ దిగుల్లేకుండా, మునుపటిలా, సహజంగా నడవాలని ఆమెకి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చారు. ఆ కాగితం నేనే పట్టుకెళ్లి ఇచ్చాను.

ఆమె పట్టీ సర్దుకుంటూ చదివి, మడిచి, బొడ్లో దోపుకుంది.

“సహజంగా నడవకపోతే ఏంటంట?”

“చర్య తీసుకుంటారక్కా.”

“ఇంకేం చేత్తారయ్యా. ఈ పచ్చడి తిని తిని నాలిక పాచిపోయింది. పోన్లే, నడుత్తా. నువ్వెళ్లి నీ అంకెలు కడుక్కో.”

నా పని మీద గౌరవం లేని మనుషులంటే నాకు ఒళ్లు మండుతుంది. అయినా పైడక్క మీద ఎక్కువసేపు కోపం నిలవదు. నేను చేరిన మొదటి రోజు స్టూలు కుంటుతుంటే దాని కింద చెక్కముక్క పెట్టింది ఆమే.

నమోదు 4
సోమవారం. పైడక్క అంకె 0.60

ఊరికి తెలిసిపోయింది. ఆమె నడుస్తుంటే జనం గుమ్మాల్లోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడుతున్నారు. ఒకాయన ఆమె ఎదురుగానే ఆమెని ‘ఉండేది’ అని చెప్పుకుంటూ కళ్లు తుడుచుకున్నాడు. ఆమె గది కోసం పదకొండు దరఖాస్తులు వచ్చాయి. వాటిలో ఒకటి డాక్టరుది.

నీళ్లు మాత్రం అద్దంలా వస్తున్నాయి. గొట్టంలో పిడికెడు ఒండ్రు లేదు, అతుకు దగ్గర బొట్టు కారడం లేదు. ఈ మాట పైడక్క కమిటీ ముందే అడిగింది.

“నేను సచ్చిపోతన్నానంటారు, బానే ఉంది. మరి నీళ్లు ఎవరు తోడతన్నారు?”

“అదే ఆరా తీస్తున్నామండీ,” అన్నారు యామిని గారు.

నీళ్లు అబద్ధం చెప్పవచ్చు గానీ రిజిస్టరు చెప్పదని నేను మనవి చేశాను. అందరూ తలూపారు. పైడక్క నా వంక చూసింది. ఆ చూపు ఇంటిదాకా నాతో వచ్చింది.

నమోదు 5
శనివారం. పైడక్క అంకె 0.54. ఇది మొదటి రోజు

ఆమె స్థానంలోకి ఎవరినో ఒకరిని వెతకాలి కదా. నిన్న ఉదయం ఊళ్లో గట్టివాళ్లని పిలిచి, పట్టీ కట్టి, తలా మూడు వేల అడుగులు నడిపించారు. ఈత పోటీలో గెలిచిన కుర్రవాడు, పడవలు లాగే ఇద్దరు, బడి పంతులమ్మ. అందరి చుట్టలూ నేనే రాత్రి కూర్చుని రాశాను. అన్నిటికీ మూడు స్నానాలూ చేయించాను, కొత్తవాళ్లని చులకనగా చూశామన్న మాట రాకూడదని.

యామిని గారు అంకెలు కట్టారు. ఈతగాడు 0.51. లాగేవాళ్లు 0.52, 0.50. పంతులమ్మ 0.49, అంటే ఎప్పుడో పోయి ఉండాలి. ఆవిడ ఆ సమయంలో బయట పిల్లల్ని గదమాయిస్తోంది.

చివరికి యామిని గారు, నేను కూడా నడిచాం. నేను చెక్కబాట మీద ఎప్పుడూ ఒక చెక్క వదిలి ఒక చెక్క మీద అడుగు వేస్తాను, చిన్నప్పటినుంచీ అలవాటు. ముందు ఆవిడ చుట్ట రాసిచ్చాను. ఆవిడ తలుపు వేసుకుని లెక్క కట్టుకుని చాలాసేపటికి బయటికి వచ్చారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“కోటిలింగం గారూ, నాది 0.51 వచ్చిందండీ. ఎవరికీ చెప్పకండి. మా అమ్మకి అసలే బీపీ.”

ఊళ్లో ఏదో అంటురోగం దిగిందని, మనుషులు తెలియకుండానే పోతున్నారని ఆవిడ జిల్లాకి కబురు పంపారు. జిల్లా నుంచి జవాబు వెంటనే వచ్చింది. ఈ త్రైమాసికానికి పంట్లపాలేనికి ఒక్క మరణమే మంజూరైంది, మిగతావి సర్దుకోండి అని. ఆ ఒక్కటీ పైడక్కదే అని తేలింది. ఎల్లుండి పొద్దున రేవు దగ్గర ప్రకటిస్తారు, ఆ మధ్యాహ్నమే పడవ. నా చుట్ట రాసుకోవడానికి నాకు తీరిక దొరకలేదు, అది రాయకుండానే మిగతావాటితో కలిసి పాత కాగితాల్లోకి పోయింది.

నమోదు 6
ఆదివారం. పైడక్క అంకె 0.54. రెండో రోజు

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాయాలి.

మధ్యాహ్నం మస్తాన్‌బీ బండి దగ్గరికి వెళ్లాను. నేను రాయడం పూర్తయ్యాక చుట్టల కాగితం ఆమెకే ఇస్తాం, రొయ్యల పకోడీ పొట్లాలకి పనికొస్తుందని. బల్ల మీద కూర్చుని తింటూ కాగితం వంక చూశాను. నూనె కిందినుంచి అంకెలు కనిపిస్తున్నాయి. చూసి ఊరుకోవడం నా వల్ల కాదు కదా. అరవై అడుగులు లెక్కపెట్టి మొత్తం కట్టాను. 37.4. జేబులో పెన్సిల్ తీసి, తేడా పంచడం మొదలుపెట్టాను.

పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. పైడక్క. రేపు తన పేరు బోర్డెక్కుతుందని తెలిసి కూడా పావు పకోడీ చెప్పింది, ఉల్లిపాయ ఎక్కువ వెయ్యమని.

“తినే కాయితం మీద ఏం గీకుతున్నావయ్యా?”

“సరిచేస్తున్నానక్కా. మొత్తం ముప్పై ఆరు రావాలి. ఇది ఎక్కువొచ్చింది.”

ఆమె కాగితం లాక్కుని మూల మీదున్న తేదీ చూసింది.

“ఇది ఓబులమ్మ పంటుని ఉత్తరపు రేవుకి లాక్కెళ్లిన వారం.”

ఓబులమ్మ ఆమెకి పక్కింటావిడ. ఇరవై ఏళ్లపాటు ఇద్దరికీ పడలేదు. తాడు మీద బట్టల దగ్గర మొదలయ్యేది, రోజూ ఊరంతా వినేది.

“ఆ తర్వాత పదిహేను రోజులూ నాకు కాలు సాగలేదు. పొద్దున్నే లేత్తే తిట్టడానికి మనిషి లేదు. ఊరికే అట్టా ఈడ్చుకుంటా నడిచాను. నీ పుస్తకంలో అది లేదా?”

“లేదక్కా. ప్రతి పేజీకీ ముప్పై ఆరే.”

“మరి నా నిదానమంతా ఏం చేశావయ్యా?”

ఒక్కో వరసలో అణువంత చొప్పున తీసేశాను. పదిహేను రోజుల దిగులు, ఏడు వందల యాభై పేజీల మీద, ఎవరికీ కనిపించకుండా తుడిచేశాను. కోపంగా విసవిసా నడిచిన రోజులూ అలాగే పోయాయి. పేజీ దాటి పేజీకి పోయేదే అడుగు జ్ఞాపకం. నేను పేజీకొక గోడ కట్టాను. నేను చేరినప్పటినుంచీ పాత గుమాస్తా పేజీలు ఒక్కొక్కటే వంద రోజుల కిటికీలోంచి జారిపోతున్నాయి, నా ముత్యాలు వచ్చి కూర్చుంటున్నాయి, ఆమె చచ్చిపోతోంది. టీ మరకల్లో ఉన్నంతకాలం బతికే ఉంది.

“నేనే చంపానక్కా,” అన్నాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవాలని అనిపించలేదు.

ఆమె పకోడీ నములుతూ ఆలోచించింది. “ఏడవమాక. ఉల్లిపాయ తిను. మిగతా కాయితాలు ఎక్కడున్నాయ్?”

మస్తాన్‌బీ గోనెసంచి ఎత్తి చూపించింది. “అరవై రోజులయ్యి ఉంటాయి కోటిలింగం అన్నా. మిగిలినయ్యన్నీ జనం చేతులు తుడుచుకుని పారేశారు. మొన్న అందరూ నడిచినయ్యి కూడా ఇందులోనే ఉన్నయ్.”

నమోదు 7
సోమవారం. రిజిస్టరు ప్రకారం మూడో రోజు

రేవు దగ్గర ఊరంతా చేరింది. బోర్డు మీద ‘మో’ అని అప్పటికే రాసి ఆపారు, సుద్ద విరిగిందని. పైడక్క ఉతికిన చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఆమె పొద్దున మూడు వేల అడుగులూ నడిచే వచ్చింది, లేకపోతే మౌనానికి వచ్చినవాళ్లకి నీళ్లుండవు.

నేను గోనెసంచి తెచ్చి బల్ల మీద పెట్టాను. జరిగింది చెప్పాను. మూడో స్నానం నేనే పెట్టానని, ఊళ్లో రోగం లేదని, నేను రాసిన ప్రతి మనిషీ నా పేజీలోనే పోయాడని చెప్పాను. జనంలో ఈతగాడు తన గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకున్నాడు.

యామిని గారు ఒక చుట్ట రెండు వేళ్లతో ఎత్తారు. నూనె కారింది.

“మీ మాట కాదనను. కానీ వీటిని ఇలా ఫైల్లో ఎలా పెట్టనండీ? ముందు స్నానం చేయించి తీసుకురండి, అప్పుడు చూస్తాను.”

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నేను అధికారి మాట కాదన్నది లేదు.

“చేయించనండీ. చేయిస్తే ఆమె మళ్లీ పోతుంది. మీరు కూడా పోతారు. ఇలాగే కట్టండి.”

ఆవిడకి తన 0.51 గుర్తొచ్చి ఉంటుంది. కళ్లద్దాలు తుడుచుకున్నారు. తర్వాత అక్కడే, అందరి ముందూ, మస్తాన్‌బీ ఒక్కో చుట్టా విప్పి అందిస్తుంటే మూడు గంటలు లెక్క కట్టారు. మధ్యలో ఎవరో పకోడీ వేయించారు.

పైడక్క 0.97. ఇంతకుముందు ఎన్నడూ రానంత. ఓబులమ్మ వెళ్లిపోవడం వల్లే పెరిగిందని యామిని గారి అభిప్రాయం. ఈతగాడు 0.88. పంతులమ్మ 0.93. యామిని గారు 0.90, ఆ అంకె కింద ఆవిడ రెండుసార్లు గీత గీశారు. సంచి అడుగున ఇంకో చుట్ట మిగిలింది. అది నాది.

ఏ స్నానమూ లేకుండా, అచ్చయింది అచ్చయినట్టే, 0.52.

మళ్లీ కట్టారు. 0.52. నా అడుగుల్ని ఎవరూ సరిచేయలేదు. ఒక చెక్క వదిలి ఒక చెక్క, నలభై మూడేళ్లుగా నేనే సరిచేసుకుంటూ వచ్చాను.

యామిని గారు చాలా బాధగా నిబంధనల పుస్తకం తెరిచారు.

“ఒక మరణం మంజూరై వచ్చిందండీ. వాడకపోతే వచ్చే ఏడాది కోటా తగ్గిస్తారు. మూడు రోజుల నిబంధన మీ విషయంలో సడలిస్తున్నాను. మీ సర్వీసుకి అదొక గౌరవం అనుకోండి.”

బోర్డు మీద ‘మో’ చెరిపి నా పేరు రాశారు. ఏమాత్రం వరస లేని రాత. రెండు నిమిషాలు మౌనం పాటించారు. నేను కూడా నిలబడ్డాను. మౌనం అయ్యాక నా నీళ్ల కార్డు తీసుకున్నారు. పడవవాడు నా పేరు పిలిచాడు.

“ఆయన నా ఎనకాల నడుత్తాడు,” అంది పైడక్క. “తోడు లేకపోతే నాకు కాలు సాగదు. కాలు సాగకపోతే మీకు నీళ్లుండవు. రాసుకోండి.”

రాసుకున్నారు. పంపు సామగ్రి అన్న పద్దు కింద.

నమోదు 11
మంగళవారం. నా అంకె 0.58

పోయినవాడిని కాబట్టి నాకు స్టూలు లేదు. రిజిస్టరు ఇప్పుడు యామిని గారే రాస్తున్నారు, స్నానాలు లేకుండా, టీ మరకలతో. వెనక పేజీలు మాత్రం నాకు వదిలారు. అన్నం పైడక్క దగ్గర తింటున్నాను. ఆమె చేపల పులుసులో ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు అసలుండదు. ముందు పదిరోజులు నాకు అది నరకంలా అనిపించింది.

పొద్దున ఆమె ముందు, నేను వెనక, నా కాలికీ పంపుకి కలపని ఒక పట్టీ. చెక్కలు లెక్కపెడుతున్నానని ఆమెకి వెనక్కి చూడకుండానే తెలిసిపోతుంది.

“చెక్కల మీద నుంచి చూపు తియ్యి.”

“తీస్తే పడతానక్కా.”

“పడు. సచ్చినోడివి, ఇంకేం అవుద్ది నీకు.”

నమోదు 19
శుక్రవారం. నా అంకె 0.66

నిన్న తాడు మీద నా లుంగీ ఆమె చీరకి తగిలేలా ఆరేశానని గొడవ. నేను ఊరుకుంటే పోయేది. తాడుకి ఎడమ సగం ఆమెది, కుడి సగం నాది అని సుద్దతో గీత గీసి, కొలిచి చూపించాను. ఆమె అన్న మాటలు ఇక్కడ రాయను. ఓబులమ్మ నయం అని మాత్రం అంది, అదీ ఉత్తరపు రేవుదాకా వినపడేలా.

నమోదు 22
సోమవారం. నా అంకె 0.74

నాలుగు రోజులుగా పైడక్క నాతో మాట్లాడటం లేదు. గిన్నె గుమ్మంలో పెట్టి వెళ్లిపోతోంది. ఉప్పు సరిగ్గా ఉంది, అది ఇంకా బాధగా ఉంది.

పొద్దున ఆమె వెనక నడిచాను. ఏ చెక్క మీద అడుగు వేశానో గుర్తులేదు. మూడు వేల అడుగులకి ఆమెకంటే పావుగంట ఆలస్యంగా రేవు చేరాను. యామిని గారు చుట్ట చూసి, ఇంత నిదానం ఎందుకైందండీ, పట్టీ గానీ పాడైందా అని అడిగారు. లేదండీ, ఉన్నదున్నట్టే రాయండి అన్నాను.

కుళాయి దగ్గర పైడక్క బిందె పట్టుకుని నిలబడి ఉంది. నీళ్లు తేటగా పడుతున్నాయి. బిందె నిండినా కట్టేయకుండా నేను వచ్చేదాకా ఆగింది. వచ్చాక నా చెంబు లాక్కుని నింపి, నా వైపు చూడకుండానే చేతిలో పెట్టింది.